తెల్లారేదాకా తిరగాలి

వనామి రొయ్యల చెరువు మీద తెల్లారుజామున నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే రైతు చేతిలో ఉండేది నిమిషాలే. పగలంతా నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. పొద్దుకూకాక అదే నాచు రొయ్యలతో పాటు తనూ ఆక్సిజన్ లాగేస్తుంది. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళకి కరెంటు పోయి, జనరేటర్ పట్టుకోలేదా, ఆ చెరువు మీద పెట్టిన అప్పూ ఆశా పొద్దున్నే తెల్లగా తేలతాయి. బంటుమిల్లి చుట్టుపక్కల నా బతుకంతా ఇంజిన్లు ఆ వేళకి ఆగకుండా చూడడంతోనే గడిచింది. మొదట వరిచేల ఆయిల్ ఇంజిన్లు, తరవాత ట్రాక్టర్లు, చేలు చెరువులయ్యాక జనరేటర్లు.

మా అమ్మాయి కాపురం అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం నోవైలో. అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది కార్ల కంపెనీల్లోనూ, వాటికి సామాన్లు చేసిచ్చే కంపెనీల్లోనూ ఉన్నారు. మా అల్లుడిగారిదీ అదే లైను. నోవైకి పక్కనే న్యూ హడ్సన్ అని ఒక ఊరు. షెవర్లే వాళ్ల కార్వెట్ కారుని 24 గంటల పందేలకి సిద్ధం చేసే ప్రాట్ అండ్ మిల్లర్ షెడ్డు ఆ ఊళ్లోదే. గారీ ప్రాట్, జిమ్ మిల్లర్ అనే ఇద్దరు 1989లో పెట్టిన కంపెనీ అది. చలికాలం మంచు పడి గడప దాటే వీలు లేని రోజుల్లో అల్లుడిగారు టీవీలో డేటోనా 24 గంటల పందెం పెట్టి, కార్వెట్ టీము కథంతా చెప్పుకొచ్చారు. అది వింటూ నేను నా షెడ్డులో ఇన్నాళ్లూ చేతితో తెలుసుకున్నదాన్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టాను. ఇంజిను పని నేర్చుకుంటున్న మన కుర్రాళ్ల కోసం అవి ఇక్కడ రాస్తున్నాను.

1. యంత్రం ఆగుతుంది. ముందు ఆ సంగతి ఒప్పుకోండి.

కొత్త జనరేటర్ కొన్న రైతు "కొత్తది కదండీ, దీనికేం కాదు" అంటాడు. కొత్తదానికీ ఫ్యాన్ బెల్టు తెగుతుంది, డీజిల్ లైనులో గాలి పడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఏది ఎప్పుడు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. జరిగిన క్షణాన చేతికందేలా ఏముండాలో మాత్రం ఈ పూటే చెప్పొచ్చు.

కార్వెట్ కథలో ఈ పాఠం ఇప్పటి టీము పుట్టకముందే ఉంది. 1957లో అమెరికా కార్ల కంపెనీలు కూడబలుక్కుని పందేల నుంచి తప్పుకున్నాయి. కార్వెట్‌ని పందెం కారుగా నిలబెట్టాలని తపించిన ఇంజినీరు జోరా ఆర్కస్ డంటోవ్‌కి చేతులు కట్టేసినట్టయింది. అప్పుడు సొంత డబ్బుతో ముందుకొచ్చిన మనిషి బ్రిగ్స్ కన్నింగ్‌హామ్. ఆయన 1950లోనే రెండు కాడిలాక్ కార్లు పట్టుకుని ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందేనికి పోయి, పది, పదకొండు స్థానాలు తెచ్చుకున్నాడు. తరవాత సొంతంగా కార్లు కట్టించాడు. వాటిలో ఒకటి 1953లో ఫ్లోరిడాలోని సెబ్రింగ్ 12 గంటల పందెం గెలిచింది. 1960లో ఆయన మూడు కార్వెట్లని లె మాన్‌కి తీసుకెళ్లాడు. రెండు మధ్యలోనే పోయాయి. జాన్ ఫిచ్, బాబ్ గ్రాస్‌మన్ నడిపిన మూడోది మాత్రం నిలబడింది. చివరి గంటల్లో అదీ వేడెక్కింది, రేడియేటర్‌లో నీళ్లు లేవు. ఆ పందెం నియమం ప్రకారం ఇన్ని చుట్లు తిరిగితే గానీ మళ్లీ నీళ్లు పోయడానికి లేదు. మెకానిక్కులు తిండీ పానీయాలూ చల్లగా ఉంచుకోవడానికి తెచ్చుకున్న ఐసుని తీసుకొచ్చి ఇంజిన్ చుట్టూ కూరారు. కొంచెం తిరిగి రావడం, మళ్లీ ఐసు కూరడం. అలాగే గీత దాటించారు. మొత్తం మీద ఎనిమిదో స్థానం, తన తరగతిలో మొదటి స్థానం.

ఆ మెకానిక్కుల మీద నాకెంత గౌరవమో మాటల్లో చెప్పలేను. నీళ్లు పోయకూడదన్న నియమం వాళ్లకి క్షుణ్ణంగా తెలుసు. వేడిని బయటినుంచి లాగినా ఇంజిన్ కాసేపు బతుకుతుందనీ తెలుసు. ఈ రెండిట్లో ఏ ఒక్కటి తెలియకపోయినా ఆ కారు అక్కడే ఆగిపోయేది.

2. మొదటి ఏళ్లు ఏది విరుగుతుందో చూడ్డానికి.

షెవర్లే కంపెనీ అధికారికంగా కార్వెట్ రేసింగ్ టీమును దించింది 1999 జనవరిలో, డేటోనా 24 గంటల పందెంలో. కార్లు కట్టి నడిపే పని ప్రాట్ అండ్ మిల్లర్‌ది, పెత్తనం డగ్ ఫీహాన్‌ది. ఈ పందేల్లో అన్ని రకాల కార్లూ ఒకే ట్రాకు మీద ఒకేసారి పరుగెత్తుతాయి. పందెం కోసమే పుట్టిన ప్రోటోటైపులు అందరికన్నా వేగంగా పోతాయి. రోడ్డు మీద తిరిగే కారు ఆధారంగా చేసిన కార్వెట్ లాంటివి వాటి వెనక. ఎవరి తరగతిలో వాళ్లకి వేరే గెలుపు. ఆ మొదటి పందెంలో రాన్ ఫెలోస్, క్రిస్ నైఫెల్, జాన్ పాల్ జూనియర్ నడిపిన కారుకి తన తరగతిలో మూడో స్థానం దక్కింది. ఆ ఏడాది ఏరుకున్న కొద్ది పందేల్లోనే దిగారు, మిగతా కాలమంతా షెడ్డులో విప్పి చూసుకున్నారు.

2000 డేటోనాలో కార్వెట్ వాళ్లని పోటీ కారు వైపర్ ఓడించింది. తరగతిలోనే కాదు, మొత్తం పందెంలోనే వైపర్ మొదటిది, కార్వెట్ రెండోది. తేడా 30 సెకన్లు. రాత్రీ పగలూ పరుగెత్తాక అర నిమిషం! అంత దగ్గర్లో పోగొట్టుకున్న మనిషికి రెండు దారులుంటాయి. దురదృష్టమని నుదురు కొట్టుకోవచ్చు. లేదంటే ఆ అర నిమిషం ఏ ఆగుడులో, ఏ బోల్టు దగ్గర పోయిందో కాగితం మీద రాసుకోవచ్చు. వాళ్లు ఏ దారిన పోయారో తరవాతి ఏడు చూస్తే తెలుస్తుంది. మధ్యలో 2000 జూన్‌లో లె మాన్‌కి మొదటిసారి వెళ్లి తరగతిలో మూడు, నాలుగు స్థానాలు తెచ్చుకున్నారు. సెప్టెంబరులో టెక్సస్‌లో మొట్టమొదటి గెలుపు.

2001 ఫిబ్రవరి మొదటి వారం, మళ్లీ డేటోనా. వేగమైన ప్రోటోటైపులు ఒకదాని తరవాత ఒకటి పాడైపోయాయి. తెల్లారాక చూస్తే రోడ్డు కారు రూపంలో ఉన్న కార్వెట్ అందరికన్నా ముందుంది. ఫెలోస్, నైఫెల్, ఫ్రాంక్ ఫ్రియాన్, జానీ ఓకానెల్ నడిపిన ఆ కారు తరగతినే కాదు, మొత్తం పందేన్నే గెలిచింది. రెండో కార్వెట్‌లో అమెరికా జనం నెత్తిన పెట్టుకున్న డేల్ అర్న్‌హార్ట్, ఆయన కొడుకు కూడా ఉన్నారు. దానికి నాలుగో స్థానం. ఆ తండ్రి రెండు వారాలకే, ఫిబ్రవరి 18న, అదే డేటోనా ట్రాకు మీద వేరే పందెంలో ప్రాణం పోగొట్టుకున్నారు. కొడుకుతో కలిసి ఆ రాత్రంతా కారు నడిపిన ఫొటోలు అల్లుడిగారు చూపించినప్పుడు నాకు నోట మాట రాలేదు.

అదే ఏడు జూన్‌లో, జోరు వానలో, లె మాన్‌లో తరగతి గెలిచారు. అక్కణ్ణుంచి 2002, 2004, 2005, 2006లోనూ అక్కడే తరగతి గెలిచారు. పేరు వినిపించేది ఈ ఏళ్లలోనే. నేను మాత్రం కుర్రాళ్లకి 1999, 2000 గురించే చెబుతాను. పని నేర్చుకున్నది అప్పుడు.

3. తెలిసిన ఇంజిన్‌ని చిన్నచూపు చూడకండి.

ఆ కార్వెట్‌లో ఉన్నది ఏడు లీటర్ల వి8 ఇంజిన్. లోపల ఒకటే క్యామ్ షాఫ్టు, వాల్వుల్ని తోసేవి పుష్ రాడ్లు. మన కాలవ గట్టు మీద ఆయిల్ ఇంజిన్ మూత విప్పినా కనిపించేది అదే పద్ధతి. అవతల ఫెరారీలూ పోర్షేలూ పైన క్యామ్ షాఫ్టులు పెట్టుకుని గిర్రున తిరుగుతుంటే, వీళ్లు పాత పద్ధతినే పట్టుకుని దాని మంచిచెడ్డలన్నీ అరచేతిలో గీతల్లా తెలుసుకున్నారు. 2020లో కొత్త కార్వెట్‌లో ఇంజిన్‌ని డ్రైవర్ వెనక్కి మార్చినప్పుడు పందెం కారుకి కొత్త రకం ఇంజిన్ పెట్టారు. అది 5.5 లీటర్లది, దానికి క్యాములు పైన. మార్చకూడదని ఎవరూ అనరు. ఇరవై ఏళ్లు ఒకదాన్ని పూర్తిగా చదివాక మార్చారు, అదీ సంగతి. మన దగ్గర సీజనుకో కంపెనీ పంపు మార్చి, ఏదీ మన్నడం లేదని తిట్టుకునేవాళ్లని చూస్తుంటాను.

4. బిగించేటప్పుడే విప్పడం గురించి ఆలోచించండి.

ఈ పాఠం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా వృత్తి మొత్తం ఇందులోనే ఉంది.

2023 జూన్‌లో లె మాన్ పందేనికి నూరేళ్లు నిండిన పండగ. కార్వెట్ టీము ఆ ఏడు ఒక్క కారుతోనే వెళ్లింది. నంబరు 33. టెక్సస్‌లో కార్లు అమ్ముకునే బెన్ కీటింగ్, హాలెండ్ దేశస్థుడు నిక్కీ క్యాట్స్‌బర్గ్, అర్జెంటీనా కుర్రాడు నికో వరోనె డ్రైవర్లు. పందెం మొదలై ఎంతోసేపు కాలేదు, షాక్ అబ్జార్బర్ పాడైంది. కారుని లోపలికి తెచ్చి మార్చి పంపేసరికి రెండు చుట్లు వెనకబడ్డారు. అక్కడ ఒక చుట్టు 13.6 కిలోమీటర్లు. అంటే 27 కిలోమీటర్ల వెనక నుంచి తరగతిలో చివరి వరసలో మొదలుపెట్టారన్నమాట. మర్నాడు సాయంత్రానికి అదే కారు తరగతిలో మొదటిది! ఆ టీముకి లె మాన్‌లో అది తొమ్మిదో గెలుపు.

నేను ఆ పిట్ (కారు ఆపి బాగుచేసే చోటు) దృశ్యాన్ని పదేపదే పెట్టించుకుని చూశాను. ఎవరూ పరుగెత్తడం లేదు, ఎవరూ అరవడం లేదు. జాకీ ఎత్తేవాడి పని జాకీ, పానా పట్టేవాడి పని పానా. కాలుతున్న సామాను పట్టుకోవడానికి చేతులకి తొడుగులు ముందే ఉన్నాయి. కొత్త షాక్ అబ్జార్బర్ పెట్టెలోంచి తీసి వెతుక్కునే పని లేదు, స్ప్రింగుతో సహా బిగించి, అమర్చడానికి సిద్ధంగా ఉంది. ఇలాంటి టీముల్లో కారు గీసేటప్పుడే ఏ భాగం ఎన్ని బోల్టులు విప్పితే చేతిలోకి వస్తుందో చూసుకుంటారు. మోటారు పందెంలో అందరి కన్నూ వేగం మీదే ఉంటుంది. నా కన్ను మాత్రం బోల్టుల మీదికే పోయింది.

మన దగ్గర జనరేటర్‌ని గోడకి ఆనించి పెడతారు. ఫిల్టరు గోడవైపు ఉంటుంది. పగలు మార్చాలంటేనే మెకానిక్ పొట్ట మీద పడుకోవాలి, రాత్రి టార్చిలైటు నోట్లో పెట్టుకుని ఎలా మారుస్తాడు? షెడ్డు కట్టేటప్పుడు నలువైపులా మనిషి తిరిగే జాగా వదలమని నేను చెప్పిన ప్రతి రైతుకీ ఆ రెండడుగుల నేల వృథా అనే అనిపించింది. కరెంటు పోయిన రాత్రి ఆ రెండడుగుల విలువ ఎంతో వాళ్లే చెప్పారు. ఒక బెల్టు, ఒక సెట్టు ఫిల్టర్లు, నాజిల్ ఒకటి, వాటికి సరిపోయే పానాలు ఇంజిన్ పక్కనే మేకుకి వేలాడాలి. బంటుమిల్లి బజారులో దొరుకుతాయిలే అనుకుంటే, ఆ షాపు తీసేది పొద్దున తొమ్మిదింటికి.

ఇంకోటి కూడా. పందెం టీములు ప్రతి భాగానికీ వయసు రాసుకుంటాయి. ఈ బేరింగు ఇన్ని గంటలు తిరిగింది, ఇన్నింటికి తీసెయ్యాలి అని. బాగానే ఉన్నా సరే తీసేస్తారు. మీరు కూడా పలక మీద సుద్దతో రాసినా చాలు, ఇంజిన్ గంటలు రాయండి.

5. చేతులు కలిసిన మనుషుల్ని విడదీయొద్దు.

కార్వెట్ టీములో నాకు అన్నిటికన్నా నచ్చిందేమిటంటే, మనుషులు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. డగ్ ఫీహాన్ 1999లో మొదలుపెట్టి 2020 చివరి దాకా టీముని నడిపారు. ఇంగ్లండు నుంచి 2002లో వచ్చిన ఆలివర్ గావిన్ 2021 దాకా నడిపాడు. డెన్మార్క్ మనిషి యాన్ మాగ్నుసెన్ 2004 నుంచి 2019 దాకా. స్పెయిన్ నుంచి 2009లో వచ్చిన ఆంటోనియో గార్సియా ఇప్పటికీ అదే స్టీరింగు పట్టుకుంటున్నాడు. మెకానిక్కుల్లో డాన్ బింక్స్ అనే పెద్ద మేస్త్రీ పేరు అక్కడ డ్రైవర్ల పేర్లతో సమానంగా చెప్పుకుంటారు. మేస్త్రీ పేరు జనానికి తెలియడం నాకెంతో సంతోషం కలిగించింది.

ఎక్కువ కాలం కలిసి పనిచేస్తే మాట తగ్గుతుంది. నా చేతికింద పెరిగిన కుర్రాడు నేను చెయ్యి చాపితే ఏ నంబరు పానా ఇవ్వాలో నా భుజం చూసి చెప్పేవాడు. డ్రైవర్ కూడా అంతే. కారు మూలమలుపులో ఎలా జారుతోందో రేడియోలో రెండు ముక్కల్లో చెబుతాడు, ఇంజినీరుకి ఆ రెండు ముక్కలు చాలు. కొత్తవాడికి అదే వివరించాలంటే రెండు చుట్లు పడుతుంది.

మనవైపు షెడ్డుల్లో కుర్రాళ్లని ఏడాదికొకసారి మార్చేసే యజమానులున్నారు, జీతం పెంచమంటాడని. పెంచండి బాబూ. అతను పోతే పోయేది అతనొక్కడే కాదు, ప్రతి రైతు ఇంజిన్ గుణమూ గుర్తుపెట్టుకున్న బుర్ర పోతుంది. పాతికేళ్ల ఆ టీము చరిత్రలో ఈ సంగతికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. డబ్బు, ఇంజిన్, టైర్లు పోటీవాళ్లకీ ఉన్నాయి.

6. రెండోది ఉండాలి. అదీ మొదటిదానంత మంచిది అయివుండాలి.

ఆ టీము ఎక్కువ ఏళ్లు రెండు కార్లు దించింది. ఎందుకో 2015 లె మాన్ చెబుతుంది. అర్హత పరుగుల్లోనే 63వ నంబరు కారు పోర్షే మలుపుల దగ్గర గోడకి కొట్టుకుంది. త్రాటిల్ ఇరుక్కుపోయిందట. డ్రైవర్ మాగ్నుసెన్‌కి ప్రమాదం తప్పింది గానీ కారు పందేనికి పనికిరాకుండా పోయింది. ఇక 64వ నంబరు ఒక్కటే. గావిన్, టామీ మిల్నర్, జోర్డన్ టేలర్ దాన్ని ఫెరారీకి దీటుగా నడిపారు. చివరి గంటల్లో ఫెరారీ గేర్‌బాక్సు మొరాయించింది, కార్వెట్ గెలిచింది. అదే ఏడు డేటోనా, సెబ్రింగ్ కూడా వాళ్లవే. మూడు పెద్ద పందేలూ ఒకే ఏడాది.

మరుసటి ఏడు జనవరిలో డేటోనా. 24 గంటలు ముగుస్తున్నాయి. తరగతిలో ముందున్న రెండు కార్లూ కార్వెట్లే. మామూలుగా యజమానులు "ఇక వరస మార్చకండి, జాగ్రత్తగా తీసుకురండి" అంటారు. ఫీహాన్ అలా అనలేదు, తేల్చుకోమన్నారు. ఇద్దరూ చివరి మలుపు దాకా తలపడ్డారు. నంబరు 4, నంబరు 3 మధ్య తేడా 0.034 సెకన్లు. రెప్ప వేసేలోపే.

అది సాహసం అన్నవాళ్లున్నారు, పొగరు అన్నవాళ్లూ ఉన్నారు. ఒకదానికొకటి తగిలితే రెండూ పోయేవి కదా. నాకైతే ఆ ఆదేశం సరైనదే అనిపిస్తుంది. రెండో కారు మెకానిక్కులు కూడా రాత్రంతా మేలుకున్నారు. వాళ్ల కష్టాన్ని మొదటి కారుకి కాపలాగా నిలబెట్టడం నా మనసు ఒప్పుకోదు.

చెరువు మీద రెండో జనరేటర్ పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదని నాకు తెలుసు. పక్కపక్క చెరువుల వాళ్లు నలుగురు కలిస్తే ఒకటి కొనుక్కోవచ్చు. దాన్ని మూల పడేసి తుప్పు పట్టించకుండా వారానికోసారి నడపండి.

7. ఇంట్లో డబ్బు లేని ఏడు కూడా పని తగ్గించకూడదు.

2009 జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. షెవర్లే ఆ కంపెనీదే. మా అమ్మాయివాళ్ల ఊరివైపు ఆ రోజులు ఎలా గడిచాయో అక్కడివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఉద్యోగాలు పోయి, ఇళ్లు అమ్ముకుని, మనవాళ్లు కూడా రాష్ట్రం వదిలి పోయారు. జూన్ 13న లె మాన్ పందెం. ఆ టీము వెళ్లింది. ఓకానెల్, మాగ్నుసెన్, గార్సియా నడిపిన 63వ నంబరు కార్వెట్ తన తరగతి గెలిచింది. ఆ పెద్ద తరగతిలో వాళ్లకదే చివరి లె మాన్. ఆగస్టుకల్లా కాస్త చిన్న తరగతికి మారారు. 2011లో అందులోనూ లె మాన్ గెలిచారు.

8. నడిపే మనిషీ అరుగుతాడు.

మూసిన కారులో ఇంజిన్ వేడి, గేర్‌బాక్సు వేడి, మంట తగలని మందపాటి బట్టలు, తల మీద హెల్మెట్. లె మాన్‌లో ఒక డ్రైవర్ ఏ ఆరు గంటల్లోనైనా నాలుగు గంటలకి మించి నడపకూడదు, మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. అలసిన మనిషి యంత్రం కన్నా ముందు తప్పుతాడని తెలిసి పెట్టిన నియమం అది. కార్వెట్ వాళ్లు పందెం కారులో ఏసీ పెట్టారు. బరువు పెరుగుతుంది, ఇంజిన్ శక్తి కొంత తింటుంది, అయినా పెట్టారు. వెనక నుంచి దూసుకొచ్చే ప్రోటోటైపుల్ని చీకట్లో అద్దంలో పోల్చుకోవడం కష్టమని, 2013 నాటికి ప్రాట్ అండ్ మిల్లర్ వెనకవైపు రాడార్, కెమెరా అమర్చింది. ఏ కారు ఎటువైపు నుంచి ఎంత వేగంతో వస్తోందో డ్రైవర్ ముందున్న తెర మీద కనిపిస్తుంది.

ఇది చూశాక నాకు మన చెరువుల కాపలా మనుషులు కళ్లముందు కదిలారు. మేత వేసేదీ వాళ్లే, రాత్రి మేలుకునేదీ వాళ్లే, కరెంటు పోతే చీకట్లో జనరేటర్ తిప్పేదీ వాళ్లే. తడి కాళ్లతో స్టార్టర్ పెట్టె ముట్టుకుని పోయినవాళ్లున్నారు. ఇంజిన్‌కి ఆయిల్ మార్చడానికి పెట్టే శ్రద్ధలో సగం ఆ మనిషి నిద్ర మీద పెట్టండి. కాళ్లకింద చెక్క పలక, మంచి ఎర్తింగు, కరెంటు పోతే మోగే అలారం, అర్ధరాత్రి వంతు మార్చుకోవడానికి రెండో మనిషి. వీటిలో ఏదీ ఒక పంట మేత ఖర్చులో లెక్కకి రాదు. ఈ మాట నేను చెప్పడమే కాదు, వినేదాకా పోట్లాడతాను.

9. దూరం నుంచి చూసినా నేర్చుకోవచ్చు. ఎక్కడ చూడాలో తెలియాలి.

మన తెలుగు నేల మీద మోటారు పందెం కొత్త సంగతేం కాదిప్పుడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అన్నీ బ్యాటరీ కార్లే. గెలిచింది డీఎస్ పెన్స్కీ అనే టీము, నడిపింది ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్. మరుసటి ఏడు అది మళ్లీ రాలేదు. గంట నిండని పందెం కాబట్టి నేను చెప్పే విషయం అందులో తక్కువ. దానికన్నా, సికింద్రాబాదులో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల పందేనికి సొంత టీముతో వెళ్లడం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ప్రాక్టీసులో ఆయన కారు ప్రమాదానికి లోనైంది. దెబ్బలు తగలకపోయినా, టీము మేలు చూసి ఆ కారు స్టీరింగు మిగతా డ్రైవర్లకి వదిలి తను పక్కకి జరిగారు. టీముకి ఆ తరగతిలో మూడో స్థానం వచ్చింది. డబ్బు పెట్టినవాడు తన సీటు తనే వదులుకోవడం నాకు గెలుపంత పెద్దదిగా కనిపించింది.

మచిలీపట్నం, గుడివాడ వైపు ఇంజినీరింగు చదివే పిల్లలు చిన్న పందెం బండ్లు కట్టడానికి ఉత్సాహపడుతున్నారు. వెల్డింగు చేయించుకోవడానికో, యాక్సిల్ తిప్పించుకోవడానికో మన షెడ్డులకి వస్తారు. వాళ్లని వాకిట్లో నిలబెట్టకండి, లోపలికి పిలిచి పానా చేతికివ్వండి. మీరూ వాళ్లనుంచి నేర్చుకోండి, వాళ్లకి కంప్యూటర్‌లో గీయడం వచ్చు. కార్వెట్ టీము కూడా ఇప్పుడు అలాగే తలుపులు తెరిచింది. 2024 నుంచి నియమాలు మారాక, ప్రాట్ మిల్లర్ వాళ్లు కట్టే జీటీ3 తరగతి కార్వెట్‌ని వేరే టీములు కూడా కొనుక్కుని నడుపుతున్నాయి.

డేటోనా పందెం ప్రతి జనవరి చివర్లో వస్తుంది. అక్కడ శనివారం మధ్యాహ్నం జెండా ఊపితే, మనకి శనివారం అర్ధరాత్రి దాటుతుంది. మొదలయ్యేటప్పుడు మేలుకుని చూడక్కర్లేదు, హాయిగా పడుకోండి. అక్కడ జనవరి రాత్రి పొడుగు, పందెంలో సగానికి పైగా చీకట్లోనే నడుస్తుంది. వాళ్లకి తెల్లవారుజాము మూడైనప్పుడు మనకి ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర. భోజనం చేసి అప్పుడు ఫోన్ తెరవండి. ముందున్న కారుని వదిలేసి, ఏదో ఒక కారు పాడై లోపలికి వచ్చేదాకా ఆగండి. వచ్చాక మెకానిక్కుల చేతులు చూడండి, పక్కన కాగితం పెట్టుకుని, ముందు ఏం విప్పారో, ఆ సామాను ఎక్కడినుంచి అందిందో, ఎవరు ఎటు నిలబడ్డారో రాసుకోండి. సోమవారం ఆ కాగితం తీసుకుని నా షెడ్డుకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.